భోజనవేళయు సామువేళయు

పాతబస్తీ హకీములు మందు వ్రాసియిచ్చునపుడు తరచుగా నొక మాట చేర్చుచుందురు: "నహార్ మూ పుచ్చుకొనుము." తెల్లవారిన తరువాత నోట నేమియు పడకముందే పుచ్చుకొనుమని దాని భావము. మన తెలుగున దానినే పరగడుపున అందుము. అదే బస్తీలో, అదే వేళకు, రాత్రియంతయు సన్నని సెగమీద నుడికిన మాంసపు పులుసును పెద్ద డేగిసాలలోనుండి వడ్డించుచుందురు. దాని పేరు నహారి. అరబ్బీలో నహార్ అనగా పగలు గావున, పగటి తొలిభోజనము నహారి యైనదని కొందరందురు. పారసీకమున నాహార్ అనగా ఆహారము లేకుండుట గావున, ఆ లేమిని తీర్చునది నహారి యైనదని మఱికొందరందురు. శబ్దశాస్త్రజ్ఞులు తేల్చుకొనవలసిన యీ తగవులో మేము తలదూర్చము. మాకు కావలసినది ఆ రెంటి నడుమనున్న కాలము. పరగడుపునకును నహారికిని నడుమ నొక గంటయో గంటన్నరయో కలదు. పూర్వము పాతబస్తీ యువకులు ఆ గంటన్నరలో చేసిన పని సాము.

వ్యాయామము భోజనమునకు ముందా, వెనుకా? ముందైన నెంత ముందు, వెనుకైన నెంత వెనుక? ఈ ప్రశ్న చూచుటకు అల్పముగా నుండును. అయినను దీనికి రెండువేలయేండ్లకు మించిన చరిత్ర కలదు. ఆ చరిత్రలో సగము మాత్రమే జ్ఞాపకముంచుకొని తక్కిన సగమును మఱచుటచే ప్రాణములమీదికి వచ్చిన సందర్భమును మేము కన్నులార చూచితిమి. అందువలననే యీ వ్యాసము.

తాలీంఖానాలను చూడని చదువరులకొరకు రెండు మాటలు చెప్పవలసియున్నది. తాలీము అనగా శిక్షణము. ఎఱ్ఱమట్టిని మెత్తగా త్రవ్వి, నూనెయు పసుపును కలిపి చదునుచేసిన గోదా యొకటి, దాని చుట్టును ముద్గరములు, రాతిగుండ్లు, గోడవార నొక నీళ్ళతొట్టి, ఇంతియే తాలీంఖానా. పాతబస్తీలో బార్కసు పేట కుస్తీకి ప్రసిద్ధి కెక్కినది. నిజాముల సైన్యములో చేరిన హద్రమౌత్ దేశపు అరబ్బు సిపాయిల బారకాసులు అక్కడ నుండుటచే ఆ పేటకు ఆ పేరు నిలిచినది. సిపాయిగిరీ పోయినను వారి సంతతివారికి దేహపరిశ్రమమందలి మక్కువ పోలేదు. కుస్తీ ఒక్క మతమువారి సొత్తు గాదు; హిందువుల తాలీములలో హనుమంతుని పటము, ముసల్మానుల తాలీములలో 'యా అలీ' యను కేకయు తప్ప, గోదాలోని మట్టియు పట్లును ఒక్కటియే.

తాలీంఖానాలలో వస్తాదు మాటకు తిరుగులేదు. ఆయన విధించు నియమములలో మొదటిది కడుపులో అన్నము పెట్టుకొని గోదాలో దిగరాదనునది. వేకువ నమాజు ముగియగానే దండీలు, బస్కీలు, పిమ్మట జోడు. చెమట ఆరి, ఊపిరి కుదుటబడిన తరువాత బాదముపప్పు నూరి కలిపిన పాలు. ఇంకను కొంత సేపునకు నహారియు కుల్చాయు. సాయంకాలపు సాముకూడ మధ్యాహ్నభోజనమైన మూడు నాలుగు గంటలకుగాని యారంభింపరు. ఎందులకని యడిగిన శిష్యునకు వస్తాదు కారణము చెప్పడు. ఒక పట్టుపట్టి పొట్టమీద మోకాలు మోపిన పిమ్మట శిష్యుడు మఱల నడుగడు.

ఈ నియమము వస్తాదుల సొంతసృష్టి గాదు. గోదా నెఱుగని మన రైతుకును నిది తెలిసినదే. తెలంగాణపు పల్లెలలో ప్రొద్దెక్కిన యొకానొక వేళకు అంబటాళ్ళ యని పేరు. అంబలి త్రాగువేళ యని యర్థము. కోడికూతతో నాగలి పట్టిన రైతు రెండు మూడు గంటలు దున్నినపిమ్మట ఇల్లాలు సద్దిమూటయు అంబలికుండయు నెత్తినబెట్టుకొని చేనికి వచ్చును. ఎడ్లను విడిచి, చెట్టునీడ కూర్చుండి త్రాగి, కొంత తడవు నడుము వాల్చి, మఱల నెండ చురుక్కుమనకముందు ఒక చాలు. గడియారము లేని పల్లెలో పనియే భోజనమునకు వేళ చూపెను. భోజనమే ప్రొద్దునకు పేరు పెట్టెను. పనికి ముందు మితము, పనికి వెనుక తృప్తి, తృప్తికి వెనుక విశ్రాంతి యను క్రమమును హకీముగాని వైద్యుడుగాని రైతునకు నేర్పలేదు.

హకీముల కెవరు నేర్పిరనిన గ్రీకులు. యూనానీ యను పేరే ఆ సంగతి చెప్పుచున్నది. శ్రమ అన్నమునకు ముందు నడువవలయునని హిప్పోక్రటీసు పేరున వచ్చు గ్రంథములలో నొకచోట మూడుమాటల సూత్రము కలదు. క్రీ.శ. రెండవ శతాబ్దివాడగు గాలెను దానికి భాష్యము చెప్పెను. ఈతడు యౌవనమున పెర్గమమను పట్టణములో మల్లయుద్ధ ఖడ్గయుద్ధముల నాడు బానిసవీరులకు వైద్యుడై యుండెను. అనగా గోదా ప్రక్కన కూర్చుండి నేర్చుకొన్నవాడు. నిన్నటి యన్నము ఆమాశయమునందును రక్తనాళములయందును పూర్తిగా పచనమై, ఇక తరువాతి భోజనమునకు వేళయగుచున్నప్పుడే వ్యాయామము చేయవలయునని యాతని మతము. ఆ వేళ వచ్చినదని తెలియుట ఎట్లు? మూత్రపు వర్ణము చూడుమనెను. నీళ్ళవలె తెల్లగా నున్న నింకను పచనము కాలేదు. లేత పసుపు రంగునకు వచ్చిన నదియే సమయము.

అబూ అలీ ఇబ్ను సీనా (మరణము 1037) తన 'కానూను' మొదటి గ్రంథములో గాలెను మతమునే చేకొనెను. యూనానీ వైద్యమున ఆరోగ్యమునకు ఆవశ్యకములని చెప్పబడు విషయములు ఆఱు: వాయువు, అన్నపానములు, దేహము యొక్క చలన విశ్రాంతులు, మనస్సు యొక్క చలన విశ్రాంతులు, నిద్రా జాగరణములు, మలముల విసర్జన నిరోధములు. వీనిలో అన్నపానములును దేహచలనమును ఒకదానిప్రక్క నొకటి యుండుట చదువరులు గమనింపవలయును. ఇబ్ను సీనా గాలెను మాటకు ఒక ముఖ్యమైన మాట చేర్చెను. కడుపు బొత్తిగా వట్టిదై యున్నప్పుడును వ్యాయామము మేలుగాదు. శీతకాలమున కొంచెము గట్టి పదార్థమును, వేసవిలో తేలిక పదార్థమును స్వల్పముగా పుచ్చుకొని చేయవలయునని. మన వస్తాదులు ఈ రెండవ మాటను అంతగా పట్టించుకొన్నట్లు తోపదు. పాలలో నానిన నాలుగు బాదములు నోట వేసికొని గోదాలో దిగువారు లేకపోలేదు గాని, నియమముగా నిలిచినది మాత్రము వట్టికడుపే.

ఆయుర్వేదము సంగతి మఱియు చిత్రముగా నున్నది. సుశ్రుతుడు వ్యాయామమునకు తగనివారిని లెక్కించుచు భోజనము చేసినవానిని ఆ పట్టికలో చేర్చెను. చరకుడు అట్టి పట్టికనే వ్రాయుచు ఆకలిగొన్నవానిని, దప్పిగొన్నవానిని చేర్చెను. ఒకరు తిన్నవాడు కూడదనుచున్నారు, ఒకరు తిననివాడు కూడదనుచున్నారు; ఇక చేయవలసినవా డెవడని కొందరు ఆధునికులు పరిహసింతురు. ఆ పరిహాసము నిలువదు. తిన్నది అరిగి, ఆకలి యింకను కఱవకుండ నున్న నడిమివేళ ఒకటి కలదు. ఆ వేళనే యిద్దరును రెండువైపుల నుండి చూపుచున్నారు. వేళ యొక్కటే చాలదు, మోతాదు కూడ కావలయునని వాగ్భటుడు బలమున సగమే వెచ్చించుమనెను. నుదుటను ముక్కునను కీళ్ళయందును చెమట పట్టి నోరు ఎండుట సగము బలము తీఱినదనుటకు గుర్తని వైద్యులు చెప్పుదురు.

భోజనానంతరము చేయవలసినదికూడ సుశ్రుతుడు చెప్పెను: అన్నపు బడలిక తీఱువఱకు రాజువలె కూర్చుండి, పిమ్మట నూఱడుగులు నడచి, ఎడమప్రక్కకు ఒరగుట. నూఱడుగులు! పరుగు గాదు, సాము గాదు. మన పెద్దలు భోజనమైన పిదప వాకిట పచారుచేయుట ఊరక వచ్చిన అలవాటు గాదు.

ఐరోపావారు ఈ విషయమును పరీక్షించి చూచిరి. మొదటి పరీక్ష కథ వినుటకే భయంకరము. పదుమూడవ శతాబ్దిలో ఫ్రెడరిక్ చక్రవర్తి ఇద్దరికి కడుపార భోజనము పెట్టి, ఒకని నిద్రకును ఒకని వేటకును పంపి, ఆ రాత్రియే యిద్దరి కడుపులును చీరించి చూచెననియు, నిద్రించినవాని యన్నమే బాగుగా జీర్ణమైయుండెననియు సలింబేనే యను సన్న్యాసి వ్రాసిపెట్టెను. ఆ సన్న్యాసికి చక్రవర్తియనిన గిట్టదు. కథను ఆ మేరకు తగ్గించి నమ్మవలయును. రెండవ పరీక్ష నమ్మదగినది. 1822లో అమెరికాలోని మాకినాక్ దీవిలో అలెక్సిస్ సెంట్ మార్టిన్ అను యువకునికి తుపాకి ప్రేలి కడుపున గాయమై, అది మానియు ఆమాశయమునకు దారి తెఱచియే యుండిపోయెను. బోమాంటు అను సైనికవైద్యుడు 1825 మొదలు ఎనిమిదేండ్లపాటు విడతలు విడతలుగా ఆ రంధ్రముగుండ లోపలి సంగతి చూచి 1833లో గ్రంథము ప్రకటించెను. మితమైన నడక అన్నమును త్వరగా జీర్ణము చేయుననియు, అలసట పుట్టించు పని జీర్ణమును మందగింపజేయుననియు ఆతడు కనుగొనెను. సుశ్రుతుని నూఱడుగులును, వస్తాదుని నిషేధమును ఒక్క గాయములో రుజువయ్యెను. ఆ యువకుడు ఆ పరీక్షలవలన పడిన పాట్లు వేరు కథ.

అంతకుముందే 1768లో హెబర్డెన్ అను ఆంగ్లవైద్యుడు లండను వైద్యకళాశాలవారి యెదుట ఒక రొమ్మునొప్పిని వర్ణించెను. ఆ నొప్పి నడచునప్పుడు, అందులోను ఎగువకు నడచునప్పుడు, అందులోను భోజనము చేసిన కొలదిసేపటికే పట్టుకొనుననియు, నిలిచిన తోడనే విడుచుననియు చెప్పెను. ఇదే హృదయశూల. భోజనమువెంట కష్టపుపని చేయరాదను నియమమునకు ఇంతకంటె బలమైన సాక్ష్యము మాకు కనబడలేదు. ఇది పొట్ట సంగతి గాదు, గుండె సంగతి.

కారణము నేడు తెలిసినదే. మనము ఊరక కూర్చున్నప్పుడు గుండె పంపు రక్తములో ఇంచుమించు నాల్గవవంతు జీర్ణావయవములకు పోవును. భోజనమైన తరువాత ఆ పాలు హెచ్చును. తీవ్రవ్యాయామములో కండరములు రక్తమును కోరును. అప్పుడు ప్రేవులకు పోవునది అయిదవవంతునకు కూడ తగ్గవచ్చును. అన్నము లోపలనుండగానే బరువులెత్తినవానికి వాంతి, డొక్కలో పోటు, పుల్లని త్రేనుపులు వచ్చుట యిందువలననే. యువకునకు ఆ బాధ యంతటితో తీఱును. రక్తనాళములు ఇఱుకైన పెద్దవాని గుండె మాత్రము కడుపునకును కాళ్ళకును ఏకకాలమున పన్ను చెల్లింపలేదు. క్రొవ్వు హెచ్చుగానున్న భోజనము ఆమాశయమును వదలుట కాలస్యము. కావున కడుపునిండ తిన్నచో మూడు నాలుగు గంటలు, ఫలహారమైన నొకటి రెండు గంటలు కడచిన పిదప గట్టి వ్యాయామము చేయవలయునని నేటి వైద్యులు చెప్పుదురు. బిరియానీని ఫలహారముగా లెక్కించు మిత్రులు మాకు గలరు. వారి లెక్క వైద్యుల లెక్కతో కుదురదు.

ఈ నియమము పేర ప్రచారములోనికి వచ్చిన భయములన్నియు నిజములు గావు. బాలభటోద్యమ స్థాపకుడగు బేడెన్ పవెల్ 1908లో ప్రకటించిన పుస్తకములో, భోజనమైన గంటన్నరలోపల నీటిలో దిగిన బాలునికి కొంకరులు పోయి మునిగిపోవుననియు, తప్పు వానిదే యగుననియు బెదరించెను. మన బావులలో నీదిన బాలురందరును ఈ బెదరింపును ఏదో యొక రూపమున వినియేయుందురు. అమెరికా రెడ్‌క్రాసు వారి శాస్త్రసలహాసంఘము 2011లో ఉన్న సాక్ష్యమునంతయు పరిశీలించి, భోజనమునకును మునకకును సంబంధము కనబడలేదని చెప్పెను. దీనికి వ్యతిరేకముగా, ఎవరును భయపడని యొక యపాయము నిజమై తేలినది. కొందఱికి ఒకానొక పదార్థము తినినను ఏమియు గాదు, పరుగెత్తినను ఏమియు గాదు. తిని పరుగెత్తిన మాత్రము ఒడలెల్ల దద్దురులెక్కి, ఊపిరాడక, ప్రాణాపాయమగును. 1979లో గుల్లచేపలు తిని పరుగెత్తినవాని విషయమున ఇది మొదట ప్రకటింపబడెను. తరువాత గోధుమలవలనను ఇట్లగుట వైద్యులు చూచిరి. ఇది అరుదైన వ్యాధి. అయినను తిన్నవెంటనే ఆడిన ప్రతిసారియు దద్దురులు వచ్చు బాలుని మందలించుటకు బదులు వైద్యుని యొద్దకు కొనిపోవుట మేలు.

ఇక పాతబస్తీకి మరలుదము. వేకువ వ్యాయామము మంచిదను మాట తాలీంఖానాలనుండి యిప్పటివఱకు చెక్కుచెదరక వచ్చినది. చెదరినది రాత్రిభోజనపు వేళ. 1591లో చార్మినారు వెలసిన యీ నగరమునకు అసఫ్‌జాహీల తొలిదినములలో ప్రాకారము పూర్తియయ్యెను. రాత్రివేళ దర్వాజాలు మూయబడెడివి. వానిలో నేడు పురానాపూలు దర్వాజా, దబీరుపురా దర్వాజా మాత్రము మిగిలియున్నవి. ఆముదపు దీపముల నాటి సామాన్యగృహస్థుడు ప్రొద్దుగ్రుంకిన కొలదిసేపటికే తిని పండుకొనెను. అర్ధరాత్రి మెలకువ దేవిడీలలోని శ్రీమంతులకు వినోదము, పహరావానికి ఉద్యోగము. అట్టి గృహస్థుడు వేకువన లేచునప్పటికి అన్నము తిని ఎనిమిది తొమ్మిది గంటలగును. గాలెను చెప్పిన పచనము పూర్తియై, ఆకలి తలయెత్తుచుండును. వేకువయే సామువేళ యగుటకు సూర్యుడు కారణము గాదు. మునుపటి రాత్రి పెందలకడ ముగిసిన భోజనము కారణము.

తరువాత హుస్సేన్‌సాగరపు ఒడ్డున 1920లో విద్యుత్కేంద్రము వెలసెను. దీపము వెంట అంగడి, అంగడి వెంట హోటలు, హోటలు వెంట అర్ధరాత్రిభోజనము వచ్చినవి. నేడు పాతబస్తీ పెండ్లిళ్ళలో నడిరేయికి దస్తరుఖాను పఱచుట వింత గాదు. బిరియానీ, మీఠా ముగించి ఒంటిగంటకు ఇల్లుచేరిన యువకుడు అయిదింటికి లేచి వ్యాయామశాలకు పోయి, పరగడుపున వచ్చితినని చెప్పును. నోటివఱకు ఆ మాట నిజమే. కడుపులో నింకను నిన్నటి దావతు ముగియలేదు. నిద్రయు ముగియలేదు. తాతగారి వేకువయు మనుమని వేకువయు గడియారములో నొక్కటే. కడుపులో మాత్రము రెంటికిని నాలుగైదు గంటల యంతరము. ఆచారమును నిలుపుకొని దాని ఆధారమును పోగొట్టుకొనుట అన్నచో నిదియే. అట్టి యువకుడు ఆ దినమున నహారియు సాముయు రెండును మానుకొని నిద్రపోవుట ఉత్తమము. లేదా సాయంకాలపు సాము చేయుట మధ్యమము.

రంజాను నెలలో ఈ లెక్క పూర్తిగా తలక్రిందగును. పగలు నీరైనను ముట్టరు గావున, చరకుడు నిషేధించిన ఆకలిదప్పులు రెండును సాయంకాలమునకు కూడుకొనియుండును. ఇఫ్తారుకు ఖర్జూరము, పండ్లు, పిమ్మట గోధుమలు మాంసము పన్నెండుగంటలు ఉడికించి నూరిన హలీము. 2010లో భౌగోళికగుర్తింపు పొందిన ఈ వంటకము బలమైనది, బరువైనది. తరావీహు నమాజైనపిదప బస్తీ మైదానములలో దీపములక్రింద పిల్లలు సహరీవఱకు బంతులాడుదురు. మేము ఈ యాటను తప్పుపట్టము. ఇఫ్తారుకును ఆటకును నడుమ తరావీహు ఉండుట గొప్ప సదుపాయము. లేచుట, వంగుట, సాష్టాంగపడుటయు గల ఆ దీర్ఘప్రార్థనను ఆ దినపు వ్యాయామములో భాగముగా లెక్కించుకొనుమని 2005లో అమెరికా మధుమేహసంఘము ప్రకటించిన సలహాలలో రోగులకు చెప్పబడినది. సూర్యాస్తమయమునకు ముందటి గంటలలో అట్టి రోగులు కష్టపు వ్యాయామము చేయరాదనియు వైద్యులు హెచ్చరింతురు.

మధుమేహము మాట వచ్చినది గావున మా యింటి సంగతి చెప్పెదము. మా మేనమామగారు శాలిబండలో కాపురముండెడివారు. వయస్సు అఱువది దాటినది. చక్కెర తగ్గించు మాత్ర వైద్యుడు వ్రాసియిచ్చి, ఫలహారముతోడ పుచ్చుకొనుడని చెప్పెను. మామగారు పాతకాలపు మనిషి. మందు నహార్ మూ పుచ్చుకొనిన గుణము హెచ్చనియు, వ్యాయామము పరగడుపున చేసిన ఫలము హెచ్చనియు బాల్యమునుండి విన్నవారు. రెండు మేళ్ళను ఒక్కసారి సాధింపనెంచి, మాత్ర మ్రింగి, ఏమియు తినక, మీరాలం చెరువు వైపునకు గంటసేపు నడచెడివారు. కొన్నిదినములు గడచినవి. ఒకనాడు కట్టదగ్గఱ చెమటలు పట్టి, చేతులు వణకి, మాట తడబడి కూలబడిరి. వెంటనున్న మేము గుండెపోటని గగ్గోలుపెట్టితిమి. అక్కడి చాయ్ బండివాడు మాత్రము మామగారి మొగము చూచి, "షుగర్ పడిపోయింది సాబ్" అని, గ్లాసులో నాలుగు చెంచాల చక్కెర కలిపి త్రాగించెను. స్పృహ పూర్తిగా తప్పలేదు గావున మ్రింగగలిగిరి. పది నిమిషములలో లేచి కూర్చుండి, చాయ్‌లో చక్కెర హెచ్చెనని బండివానిని కోపపడిరి.

1922లో టొరంటో నగరమున మొదటిసారి రోగికి ఇన్సులిను ఎక్కించువఱకు, వట్టికడుపు నడకవలన ఇట్టి అపాయము సాధారణముగా మనుష్యునికి లేదు. ఆరోగ్యవంతుని దేహము చక్కెర తగ్గగానే తన నిలువలోనుండి తీసి యిచ్చుకొనును. ఇన్సులినుగాని, ఇన్సులినును ఊరించు మాత్రలుగాని వాడువానికి ఆ యేర్పాటు చాలదు. గాలెనుగాని వస్తాదుగాని ఎఱుగని మనిషి వాడు. అట్టివారు నడకకు ముందు రక్తములోని చక్కెరను చూచుకొని, అది 90 మిల్లీగ్రాములకు తక్కువగానున్నచో కొంచెము తిని బయలుదేఱవలయునని వైద్యులందురు. అంతకంటె వారికి భోజనానంతరపు నడకయే మేలని తోచుచున్నది. న్యూజిలాండులోని ఒటాగో విశ్వవిద్యాలయమువారు 41 మంది మధుమేహులచే కొంతకాలము దినమున కొకసారి 30 నిమిషములును, కొంతకాలము మూడు భోజనముల వెంట పదేసి నిమిషములును నడిపించి చూచి 2016లో ఫలితము ప్రకటించిరి. భోజనమువెంట నడచినప్పుడు తిన్నతరువాతి చక్కెర సగటున నూటికి 12 పాళ్ళు తక్కువగా నుండెను. రాత్రిభోజనము తరువాత 22 పాళ్ళు. మామగారు పిమ్మట ఈ పద్ధతికి మారిరి. రాత్రి తిని శాలిబండనుండి చార్మినారు దిక్కుగా మెల్లగా నడచి, గాజుల అంగళ్ళు మూయుచుండగా తిరిగివచ్చెడివారు.

ఇంతవఱకు వేళను ఎంచుకొనగలవారి సంగతి వ్రాసితిమి. గాలెను కాలమునుండి నేటివఱకు ఈ శాస్త్రమంతయు తీరికగలవానికొరకే పుట్టినది. మీరాలం మండీలో కూరగాయల బస్తాలు మోయు హమాలీకి వ్యాయామమునకు వేళ ఎవరు పెట్టవలయును? బండి వచ్చినప్పుడే మోత. బండి తినకముందు వచ్చిన తినకముందే, తిన్నవెంటనే వచ్చిన తిన్నవెంటనే. రాజువలె కూర్చుండుమని సుశ్రుతుడు చెప్పినది వానికిని వర్తించును గాని, కూర్చుండుటకు నీడ లేదు, కూర్చున్నచో కూలి లేదు. మధ్యాహ్నభోజనము వెంట ఒక గంట విరామమును, దానికొక కప్పును ఏర్పాటుచేయుట అంగడివారికి పెద్ద వ్యయము గాదు. హెబర్డెన్ చెప్పిన నొప్పి ఒంటె బస్తా మోయువానిని కనికరించి విడుచునది గాదు.

బడిపిల్లలకును వేళ నెంచుకొను స్వేచ్ఛ లేదు. మేము చదువుకొనిన బడిలో మధ్యాహ్నపు భోజనవిరామము ముగిసిన తోడనే డ్రిల్లుగంట. టిఫినుడబ్బా మూయుటకును ఈల మ్రోగుటకును నడుమ అయిదు నిమిషములు. మైదానము చుట్టు మూడుసార్లు పరుగు. నలుగురైదుగురు డొక్క పట్టుకొని కూలబడుదురు. ఎవడో యొకడు గోడవార వాంతి చేసికొనును. డ్రిల్లుమాష్టరు వానిని సోమరియని మఱియొక చుట్టు పరుగెత్తించును. మా సైన్సు ఉపాధ్యాయుడొకరు దీనిని చూచి చూచి, డ్రిల్లును భోజనమునకు ముందటి గంటకు మార్చుడని ప్రధానోపాధ్యాయునితో వాదించెను. ఆ గంట లెక్కలది. పిల్లల బుద్ధి చుఱుకుగానుండు వేళ లెక్కలకే ఉండవలయునని లెక్కల మాష్టరు ససేమిరా యనెను. వాదము ఒక సంవత్సరము సాగి, తుదకు రెండు గంటలును తారుమాఱు చేయబడినవి. ఆ యేడు మైదానములో ఎవడును వాంతి చేసికొనలేదు. భోజనమైన తరువాతి లెక్కలగంటలో మాత్రము మేము సగముమంది నిద్రపోయితిమి.